రహీం సార్ జట్టును లేపిండు.. గ్రౌండ్ల పడ్డోన్ని లేపేటోడు ఏడి?

తమ్ముళ్లు, చెల్లెండ్లు.. మైదాన్ సినిమా మీల చానామంది ఫోన్లనే సూసి ఉంటరు. 2024ల వచ్చింది. అండ్ల అజయ్ దేవగన్ ఏసిన కోచ్ ఏషం ఎవలిదో కాదు, మన హైదరాబాద్ మనిషిది. ఆయిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. సినిమా అంటె సినిమానే, జర మసాలా ఉంటది, పాటలుంటయి. మనిషి మాత్రం నిజం. ఫుట్‌బాల్‌ల మన దేశం రెండుసార్లు ఆసియాను గెలిచిందంటె, ఒలింపిక్స్‌ల నాలుగో తావు కొట్టిందంటె, దానెనుక ఉన్నది గీ బడిపంతులే.

గాయిన కథ గిప్పుడు ఎందుకు ఎత్తుకున్నవంటరా? కప్పుల కథ అందరు చెప్తరు. రహీం సార్ బతుకుల ఇంకో కథ సుత ఉన్నది. అది ఆటగాని పెయ్యి కథ. కాళ్ల కథ, ఊపిరి కథ, నెత్తి కథ. గది తెలుసుకుంటె మన కొత్తగూడ, గంగారం, గూడూరు దిక్కు ఆడే పోరగాళ్లకు సినిమా కన్న ఎక్కువ అక్కరకొస్తది.

పీఈటీ సార్ దేశానికి కోచ్ అయిండు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌ల పుట్టిండు. నిజాం ఏలుతున్న కాలం. ఉస్మానియా యూనివర్సిటీల సదివిండు, ఆడనే బంతి ఆడిండు. బీయే అయినంక పంతులు నౌకరి పట్టిండు. కాచిగూడ బడి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్.. గిట్ల బళ్లు మారుకుంట పాఠాలు చెప్పిండు. నడ్మల వ్యాయామ విద్యల ఏడాది డిప్లొమా సదివి, చాదర్‌ఘాట్ హైస్కూల్‌ల పిల్లల ఆటలు సూసుకునే పనికి వచ్చిండు. మన మాటల చెప్పాలంటె పీఈటీ సార్ అన్నట్టు. పొద్దుగాల విజిల్ ఊది పిల్లలను వరుసల నిలవెట్టే సారు, ఎవలికి కాలు బెణికినా ఉరికొచ్చి పట్టుకునే సారు. మన బళ్లల్ల అందరికన్న తక్కువ లెక్కల ఏసేది గాయిననే కదా. గసొంటి సారే దేశం జట్టుకు కోచ్ అయిండు.

ఎవలో పెద్దమనిషి చెయ్యి పట్టి ఎక్కిస్తె ఎక్కలే. క్లబ్ ఆట ఆడిండు, అసోసియేషన్ పని జేసిండు. 1943ల హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయిండు. సచ్చేదాక గా పని ఇడ్వలే. 1950ల హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయిన చేతికొచ్చింది. గా ఏడాది మొదలువెట్టి 1954 దాక, వరుసగ అయిదేండ్లు, బొంబాయి రోవర్స్ కప్పు సిటీ పోలీసోళ్లే కొట్టుకొచ్చిర్రు. కలకత్తల లక్షల మంది అభిమానులున్న పెద్ద క్లబ్బులు మనోళ్ల ముంగట తలొంచినయి. జట్టుల ఉన్నది ఎవలు? గల్లీల పుట్టి, అరిగిన బంతితోటి ఆడి, ఆట పుణ్యాన పోలీసు నౌకరి దొరికిచ్చుకున్నోళ్లు. 1956, 1957ల రెండేండ్లు ఎంబడెంబడి హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచిందంటె సుత గాయిన పెంచిన పిల్లలతోనే.

ఆయిన నేర్పే తీరే వేరు. డ్రిబ్లింగ్ బందు అని టోర్నమెంట్లు పెట్టేటోడు. బంతి వచ్చిందంటె ఎంబడే పక్కోనికి ఇయ్యాలె, ఒక్కడే కాళ్ల సందుల పెట్టుకొని ఉరుకుడు నడ్వది. అలవాటు లేని కాలుతోనే కొట్టాలె అని ఇంకో తీరు టోర్నమెంట్ పెట్టేటోడు. కుడి కాలోడు ఎడమతోటి, ఎడమ కాలోడు కుడితోటి. చిన్న పోరగాళ్లకు చిన్న జట్లు, చిన్న ఆటలు. పెద్ద జిమ్ములు లేవు, ఫారిన్ సామాన్లు లేవు. ఉపాయమే పెట్టుబడి. నాకైతె అండ్ల ఇంకో లాభం కనవడ్తది. బంతి జెప్పన చేతులు మారితె, కాదు కాదు, కాళ్లు మారితె, ఒక్కని మీద నలుగురు పడి గుద్దుకునుడు తగ్గుతది. గుద్దుకునుడు తగ్గితె ఇరుగుడు తగ్గుతది. మంచి ఆట నేర్పుడు అంటె సగం వైద్యం ముందుగాల్నే చేసినట్టు.

కాళ్ల కథ

1951ల మొట్టమొదటి ఆసియా క్రీడలు ఢిల్లీల జరిగినయి. స్వతంత్రం వచ్చి నాలుగేండ్లు సుత నిండలే. కోచ్ రహీం. ఫైనల్ల ఇరాన్ మీద 1-0 తోటి గెలిచినం. సాహూ మేవాలాల్ గోల్ కొట్టిండు. బంగారు పతకం వచ్చింది. దేశమంత సంబురం.

యాడాది తిరిగింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్. ఫిన్లాండ్ సలి దేశం. యుగోస్లావియా మనకు పది గోల్సు కొట్టింది, మనం ఒక్కటి కొట్టినం. మనోళ్లల్ల చానామంది ఉత్త కాళ్లతోటి ఆడిర్రు. కాలుకు గుడ్డ పట్టి చుట్టుకునుడు, గ్రౌండ్లకు దిగుడు.. గదే అలవాటు. మన మట్టి మీద, మన ఎండల నడిచింది. తడి గడ్డి మీద, సలిల, కింద గుబ్బలున్న బూట్లేసుకొని ఉరికొచ్చేటోళ్ల ముంగట నడ్వలే.

ఉత్త కాళ్లతోటి ఆడిర్రు అని ఇప్పటికి సుత కొందరు గొప్పగ చెప్తరు. గొప్పేమున్నది? బూట్లు కొనే తాహతు లేని దేశం, బూట్లతోటి ఆడుడు నేర్పని ఆట. పెయ్యిని కాపాడే సామాను లేకపోవుడు వీరత్వం కాదు, లేమి. గా ఓటమి తర్వాత మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సార్ సుత ఓడిపోయినమని కూలవడలే. యూరప్ జట్లు ఎట్ల నిలవడ్తున్నయి, నడ్మ ఆడేటోడు ఎనుకకు ఎట్ల జరుగుతుండు అని సూసొచ్చి మన జట్టును కొత్తగ కట్టిండు.

గిప్పుడు ఆట నిబంధనల్లనే మోకాలి కింద షిన్ గార్డు లేకుంట ఎవడు దిగొద్దని ఉన్నది. మన ఊర్ల టోర్నమెంట్ల ఎంతమందికి ఉంటయి? కప్పుకు పైసలుంటయి, డీజేకు ఉంటయి. షిన్ గార్డు అంటె నవ్వుతరు. డెబ్బై ఏండ్ల కింద హెల్సింకిల నేర్సిన పాఠం కొత్తగూడ దాక ఇంక రాలే.

మెల్‌బోర్న్‌ల మనోళ్ల మాట

కష్టానికి ఫలితం 1956ల వచ్చింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్. హంగరీ తప్పుకున్నది. క్వార్టర్ ఫైనల్ల ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదనే 4-2 తోటి కొట్టినం. నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేసిండు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌ల హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు గాయిననే. సెమీఫైనల్ల మల్ల గదే యుగోస్లావియా. నాలుగేండ్ల కింద పది గోల్సు కొట్టిన జట్టు. గీసారి మొదటి గోల్ మనదే. అటెనుక వాళ్లు నాలుగు కొట్టి గెలిచిర్రు గని, 10-1 కాడికెళ్లి 4-1 కాడికి వచ్చినం. మూడో తావు ఆటల బల్గేరియా మీద 3-0 తోటి ఓడి నాలుగో తావుల నిలవడ్డం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌ల మన దేశానికి అదే ఇప్పటిదాక పెద్ద ముచ్చట.

గా జట్టుల హైదరాబాద్, సికింద్రాబాద్ పోరగాళ్లు మస్తు మంది. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే గల్లీలకెళ్లి పోయినోళ్లు. వాళ్లను ఏరింది, దిద్దింది గీ పంతులు.

ఊపిరి కథ

గా పోరగాళ్లల్ల ఒకని పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడల పుట్టిండు. బీదిల్లు. రహీం సార్ కండ్లవడి, ప్రాక్టీస్‌కు వచ్చుడు మొదలువెట్టిండు. గంత దూరం రోజు వచ్చుడు కష్టమైతె సైకిల్ కిరాయికి సార్ పైసలిచ్చేటోడని చెప్పుకుంటరు. గట్ల పైకొచ్చిన బలరాం మెల్‌బోర్న్‌ల, రోమ్‌ల, జకార్తాల ఆడిండు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం.. గీ ముగ్గురి పేర్లు అప్పట్ల కలిపే పలికేది దేశం.

1960 రోమ్ ఒలింపిక్స్‌ల మనోళ్లు హంగరీతోటి 2-1 తోటే ఓడిర్రు, ఫ్రాన్స్‌ను 1-1 కాడ నిలవెట్టిర్రు. రహీం సార్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం సుత గా జట్టుల ఉండె. ఎనుకట అంతర్జాతీయ రిఫరీ అయిండు గాయిన.

బలరాం ఆట ఎన్నడు ఆగింది? 27 ఏండ్లు నిండకముందుకే. 1963ల ఊపిరితిత్తుల పొరకు జబ్బొచ్చింది. ఊపిరి అందక బూట్లు ఇడ్సిండు. ఉరుకుతుండు, ఉరుకుతుండు, ఒకనాడు ఉరుకలేడు. ఎన్నటికెళ్లి దగ్గుతుండు, ఎన్నటికెళ్లి అలసట ఉన్నది అని నెల నెల సూసే డాక్టర్ గా కాలంల మన జట్లకు ఏడున్నడు? గిప్పుడు పెద్ద క్లబ్బులల్ల ఏడాదికోసారి గుండె పరీక్ష, రక్త పరీక్ష చేస్తరు. మన దిక్కు పొలం పని చేసొచ్చి, సాయంత్రం బువ్వ సుత తినకుంట గ్రౌండ్లకు దిగే పోరగానికి ఎవలు చేస్తరు? వరుసకు అన్నో, నాయినో ఉన్నట్టుండి గుండె ఆగి సచ్చిపోయిన ఇండ్లు ఊరూరికి ఉంటయి. గసొంటి ఇంటి పోరగాడు ఆడుతుంటె ముందుగాల గుండె సూపిచ్చుకొమ్మని చెప్పేటోడు ఒక్కడన్న ఉండాలె.

నెత్తి కథ

ఇగ అసలు ముచ్చట. 1962 జకార్తా ఆసియా క్రీడలు.

ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానియ్యలే. అది తప్పని మన దేశపు క్రీడల పెద్ద ఒకాయిన అన్నడు. గంతే, జకార్తాల మన మీద మంట లేసింది. మన రాయబార ఆఫీస్ మీదికి జనం పోయిర్రు. మన జట్టు బస్సుల పోవాలన్న భయపడే రోజులు. ఫైనల్ నాడు స్టేడియంల లక్ష దాక జనం, దగ్గరదగ్గర అందరు మన మీద అరిచేటోళ్లే. ఆ మందిల మనకు చప్పట్లు కొట్టింది ఎవలంటె పాకిస్తాన్ హాకీ జట్టోళ్లు. గది సుత యాదుంచుకోవాలె.

మొదటి ఆటల దక్షిణ కొరియా మీద 2-0 తోటి ఓడినం. థాయ్‌లాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0 తోటి కొట్టినం. థాయ్‌లాండ్ ఆటల జర్నైల్ సింగ్ నెత్తికి గట్టి దెబ్బ తాకింది. పంజాబ్ మనిషి. ఎనుక నిలవడి గోడ లెక్క అడ్డుకునే డిఫెండర్. నెత్తికి కుట్లు పడ్డయి. జపాన్ ఆట ఆడలే. సెమీఫైనల్ వచ్చే వరకు రహీం సార్ ఒక ఉపాయం పన్నిండు. కుట్లున్న నెత్తితోటి ఎనుక నిలవడి బంతి తలతోటి కొట్టుడు కష్టం కాబట్టి, జర్నైల్‌ను ముంగట సెంటర్ ఫార్వర్డ్‌గ నిలవెట్టిండు. నెత్తికి పట్టీతోటి ఆడి దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టిండు జర్నైల్. 3-2 తోటి గెలిచినం.

సెప్టెంబర్ 4న ఫైనల్. మల్ల దక్షిణ కొరియా. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జరం నుంచి అప్పుడే లేసిండు. త్రిలోక్ సింగ్ కాలి ఏలుకు దెబ్బ. జర్నైల్ నెత్తికి కుట్లు. గీ జట్టునే దించిండు సార్. పీకే బెనర్జీ ఒకటి కొట్టిండు, జర్నైల్ ఒకటి కొట్టిండు. అదీ నెత్తితోనే. 2-1. బంగారు పతకం. అటెనుక అరవై ఏండ్లు దాటినా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌ల మల్ల బంగారం మన ఇంటికి రాలే.

గీ కథ ఇన్నోళ్లందరు ఛాతి ఉబ్బిచ్చుకుంటరు. నేను సుత ఉబ్బిచ్చుకుంట. గని జర ఆగి ఆలోచన చెయ్యాలె. కుట్లున్న నెత్తితోటి బంతి కొట్టుడు.. గది గిప్పుడు చెయ్యొచ్చా?

చెయ్యొద్దు. చెయ్యనియ్యరు. నెత్తికి దెబ్బ తాకితె పైన కనవడే నెత్తురు ఒక ఎత్తు, లోపట మెదడు కదులుడు ఇంకో ఎత్తు. మెదడు కుదుటవడక ముందుకే రెండో దెబ్బ తాకితె పాణమే పోవచ్చు. గీ సంగతి గా కాలంల గింత తెల్వది. ఆట నిబంధనలు సుత అట్లనే ఉండె. గాయమైనోని బదులు ఇంకోన్ని దించే పద్ధతి ఇంక సరిగ పాతుకోలే. ప్రపంచ కప్‌లనే 1970ల మొదలైంది బదులు ఆటగాన్ని దించుడు. దెబ్బ తాకినోడు బయటికి పోతె జట్టు పది మందితోనే ఆడాలె. అందుకే కుంటుకుంట, నెత్తురు కారుకుంట ఆడేటోళ్లు.

రహీం సార్‌ను నేను తప్పువడ్తలేను. తన కాలం ఇచ్చిన అవకాశంల తన పోరగాన్ని ఎనుక కెళ్లి ముంగటికి మార్చి కొంత కాపాడిండనే అనుకుంట. గని గా కథను పట్టుకొని ఇయ్యాల కుట్లు పడ్డోన్ని గ్రౌండ్లకు దించితె అది సార్ బాట కాదు. సార్ ప్రతి ఓటమి నుంచి కొత్తది నేర్సినోడు. గిప్పుడు బతికుంటె గీ కొత్తది సుత నేర్సేటోడే. 2021 నుంచి నెత్తి దెబ్బకు అదనంగ ఒక బదులు ఆటగాన్ని దించుడు పరీక్షగ మొదలుపెట్టిర్రు. 2024 జూలై నుంచి ఆ వెసులుబాటు ఆట నిబంధనల్లనే ఎక్కింది. అంటె లోకం జర్నైల్ నెత్తి కాడికి రావడానికి అరవై ఏండ్లు పట్టింది.

సార్ పెయ్యిని సూసింది ఎవలు?

జకార్తాల గెలిచిన నాటికే రహీం సార్ ఊపిరితిత్తులల్ల క్యాన్సర్ ఉండె. సిగరెట్లు బాగ తాగేటోడని చెప్తరు. పోరగాళ్ల కాళ్లు, నెత్తులు, జరాలు ఎంచుకుంట తిరిగినోడు తన దగ్గును ఎంచుకోలే. 1963 జూన్ 11న పాణం ఇడ్సిండు. జకార్తా ఫైనల్ అయి తొమ్మిది నెలలే. 53 ఏండ్లు. మన ఫుట్‌బాల్ సుత గా మంచంల కెళ్లి మల్ల సరిగ లేవలే అంటరు సూసినోళ్లు. బలరాం ఆట ఆగింది సుత గదే ఏడాది. ఒక్క ఏడాదిల గురువు పోయిండు, శిష్యుని ఊపిరి అందకుంటయింది. మన దేశం పతకాలను లెక్కవెట్టింది గని పతకం తెచ్చిన పెయ్యిని లెక్కవెట్టలే.

గీత పక్క మనుషులు

ఇగ సార్ పోయినంక లోకంల ఏం మారిందో సూడుర్రి.

ఇంగ్లండ్‌ల సెయింట్ జాన్ అంబులెన్స్ అని స్వచ్ఛంద సంస్థ ఉన్నది. 1877 నుంచి మామూలు మనుషులకు ఫస్ట్ ఎయిడ్ నేర్పుతున్నది. కార్మికులు, గుమస్తాలు, మాస్టర్లు.. పని దినాలల్ల పని, ఆటనాడు గీత పక్కన నిలవడుడు. జీతం లేదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ పట్నం హిల్స్‌బరో గ్రౌండ్ల తొక్కులాట అయి 97 మంది సచ్చిపోయిర్రు. సాలినన్ని స్ట్రెచర్లు లేక, అభిమానులే ప్రకటనల బోర్డులు పీకి, వాటి మీద మోసుకపోయిర్రు. అటెనుక అక్కడి లెక్క గట్టివడ్డది. జనం వచ్చే ఆటకు తక్కువల తక్కువ ఇద్దరు ఫస్ట్ ఎయిడర్లు, వెయ్యి మందికి ఒక్కరు చొప్పున ఉండాలని రాసుకున్నరు.

2003 జూన్ 26న ఫ్రాన్స్‌ల, కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె ఎవలు తాకకుంటనే గ్రౌండ్ నడ్మ కూలిండు. 28 ఏండ్లకే గుండె ఆగి సచ్చిపోయిండు. 2004 డిసెంబర్ 5న మన బెంగళూరుల, ఫెడరేషన్ కప్ ఫైనల్ల, డెంపో క్లబ్‌కు ఆడే బ్రెజిల్ పోరగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొట్టుకుంట గోల్‌కీపర్‌ను గుద్దుకొని పడ్డడు. మల్ల లేవలే. ఆ ఆటల జట్టు కప్పు గెలిచింది. గ్రౌండ్ల వైద్యం ఏర్పాట్ల మీద దేశమంత లొల్లి అయింది. పెద్ద స్టేడియం, పెద్ద ఫైనల్, టీవీల ఆట.. గాడనే గట్లయితె ఊరి గ్రౌండ్ సంగతేంది?

గని బతికినోళ్ల కథలు సుత ఉన్నయి. 2012 మార్చి 17న లండన్‌ల ఫాబ్రిస్ ముంబా గుండె 78 నిమిషాలు సొంతంగ కొట్టుకోలే. ఆట సూడనొచ్చిన గుండె డాక్టర్ ఒకాయిన జనంల కెళ్లి దిగొచ్చిండు. అందరు కలిసి ఛాతి ఒత్తుడు ఆపలే. బతికిండు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌ల డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కూలిండు. జట్టు కెప్టెన్ సిమాన్ కయేర్ మొదలుగ ఉరికిండు, తోటోళ్లు చుట్టు గోడ కట్టిర్రు, వైద్యం టీం ఛాతి ఒత్తింది, కరెంట్ షాక్ మిషన్ పెట్టింది. నెలలు గడిచినంక గా మనిషి మల్ల గ్రౌండ్లకొచ్చి ఆడిండు. ఫోయెకు, ఎరిక్సన్‌కు నడ్మ పద్దెనిమిది ఏండ్లల్ల లోకం నేర్సిన పాఠం ఒక్కటే: పడ్డ మొదటి నిమిషాలు పక్కోని చేతులల్ల ఉంటయి. గుండె ఆగినంక ఛాతి ఒత్తకుంట పోయే ప్రతి నిమిషానికి బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది పాళ్లు తగ్గుతది.

మన కొత్తగూడల ఏం చేద్దాం?

కొత్తగూడ అంటె ఏజెన్సీ. ఇటు పాకాల అడవి, అటు గంగారం. కోయోళ్లు, లంబాడోళ్లు, మిగిలిన బీదోళ్లు. మానుకోట పోవాలన్నా, నర్సంపేట పోవాలన్నా అడవి తొవ్వ. పెద్ద దెబ్బ అయితె వరంగల్ ఎంజీఎం. కొన్ని గూడేలల్ల ఫోన్ సిగ్నల్ చెట్టెక్కితె గని దొరకదు. 108 బండి 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌ల మొదలై ఎన్నో పాణాలు నిలవెట్టింది. గని గా బండి గూడేం దాక వచ్చేటందుకు టైం పడ్తది. ఆ నడ్మల టైం ఎవలిది? మనదే.

మన దిక్కు ఫుట్‌బాల్ కన్న వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ ఎక్కువ ఆడుతరు. ఏ ఆటైతేంది? నెత్తి నెత్తే, గుండె గుండే. సంక్రాంతికి, ఎండకాలం సెలవులకు యువజన సంఘాలు చందాలు ఏసి టోర్నమెంట్లు పెడ్తయి. షామియానా, మైకు, ఫ్లెక్సీల లీడర్ల ఫోటోలు, కప్పు, నగదు బహుమతి. అన్ని ఉంటయి. ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఒక్కటే ఉండది. కాలు బెణికినోని మీద ఐస్‌గోల బండోని కాడి మంచుగడ్డ పెడ్తరు, నెత్తి పలిగినోనికి పసుపు అద్దుతరు, కూలినోని మొఖాన నీళ్లు కొడ్తరు.

గిది మార్చుడు పెద్ద ఖర్చు పని కాదు. టోర్నమెంట్ పెట్టే ప్రతి సంఘం గీ ఆరు పనులు చెయ్యాలె.

ఒకటి, ఆడని పోరగాళ్లల్ల ఇద్దరిని, వీలైతె ఒక ఆడపిల్లను, ఫస్ట్ ఎయిడ్‌కు నిలవెట్టాలె. వాళ్ల పని ఆట సూసుడు కాదు, పడ్డోన్ని సూసుడు. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ మన దేశంల సుత గీ చదువు నేర్పుతయి. ఊరి ఆశ అక్కను, పీహెచ్‌సీ నర్సమ్మను పిలిస్తె సగం అక్కడనే నేర్సుకోవచ్చు.

రెండు, ఒక సంచి. శుభ్రమైన గుడ్డలు, కట్లు, గ్లవ్సులు, కత్తెర, ఓఆర్ఎస్ పొట్లాలు, మంచినీళ్లు. ఒక ఫ్లెక్సీ తగ్గిస్తె సంచి అయితది.

మూడు, ఒక బండి. ఆటోనో, జీపో.. ఆట అయిపోయేదాక గ్రౌండ్ ఒడ్డునే, తాళం డ్రైవర్ కాడనే ఉండాలె. సిగ్నల్ ఏడ దొరుకుతదో, 108కు ఏమని తొవ్వ చెప్పాలెనో ముందుగాల్నే మాట్లాడుకోవాలె.

నాలుగు, నెత్తికి దెబ్బ తాకి మత్తు వచ్చినోడు, వాంతి చేసుకున్నోడు, ఏ ఊరి జట్టుతోటి ఆడుతున్నమో చెప్పలేనోడు గా దినం మల్ల దిగొద్దు. ఎంత పెద్ద ఫైనల్ అయినా సరే. వాన్ని ఒంటరిగ పండవెట్టొద్దు, దవాఖానకు తీస్కపోవాలె. మెడకు దెబ్బ అనుమానముంటె కూసోవెట్టొద్దు, కదిలిచ్చొద్దు, నెత్తిని రెండు చేతులతోటి నిలకడగ పట్టుకొని ఉండాలె.

అయిదు, పిలిస్తె పలకకుంట, ఊపిరి సరిగ తియ్యకుంట కూలినోనికి నీళ్లు పోసుడు, చెంచ నోట్లె పెట్టుడు బందు. ఆగి ఆగి గుటకలేస్తున్నట్టు తీసేది ఊపిరి కాదు. ఒకడు 108కు ఫోన్ చెయ్యాలె, ఇంకోడు ఎంబడే ఛాతి నడ్మ ఎముక మీద రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుంట, గట్టిగ, రెండంగుళాల లోతు, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు ఒత్తాలె. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలె. బండి వచ్చేదాక, లేకుంటె వాడు కదిలేదాక ఆపొద్దు.

ఆరు, రిఫరీ మాటే పైమాట. దెబ్బ గట్టిదనిపిస్తె ఆట ఆపే హక్కు రిఫరీకి నిబంధనల్లనే ఉన్నది. కమిటోళ్లు, బహుమతి ఇచ్చే లీడర్లు దానికి అడ్డం రావొద్దు.

ఇగ సర్కారుతోటి సుత ఒక మాట. గీ భారమంత పోరగాళ్ల మీద ఏసి చేతులు దులుపుకునుడు నడ్వది. మానుకోటల సర్కారు మెడికల్ కాలేజీ పెట్టుకున్నం. అండ్ల సదివే పిల్లలను ఏడాదికోసారి గూడేలకు తోలి ఛాతి ఒత్తుడు నేర్పిస్తె వాళ్లకు చదువు, మనకు పాణం. ఐటీడీఏ ఆశ్రమ బళ్లల్ల పీఈటీ పోస్టులు ఖాళీ ఉంచొద్దు. ప్రతి పీఈటీ సార్‌కు, టీచరమ్మకు ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తప్పనిసరి చెయ్యాలె. మండలానికి ఒక్కటన్న కరెంట్ షాక్ మిషన్ పీహెచ్‌సీల అందుబాటుల ఉంచి, పెద్ద ఆటలప్పుడు గ్రౌండ్‌కు తేవాలె. గివి అడుగుడు మన హక్కు. యువజన సంఘాలు తీర్మానం రాసి ఇయ్యాలె.

రహీం సార్ ఏమీ లేని కాడికెళ్లి జట్టు కట్టిండు. బూట్లు లేనోళ్లకు ఆట నేర్పిండు, పేరు లేనోళ్లకు పేరు తెచ్చిండు. గాయిన దగ్గర లేనిది ఒక్కటే, దెబ్బ తాకినోన్ని సూసే చదువున్న మనిషి. గా ఖాళీ తావు ఇప్పటికి మన గ్రౌండ్ల ఒడ్డున అట్లనే ఉన్నది. వచ్చే సంక్రాంతికి మీ ఊరి టోర్నమెంట్ కరపత్రంల ఎంట్రీ ఫీజు, బహుమతుల కింద ఇంకో వరుస కొట్టిచ్చుర్రి: ఫస్ట్ ఎయిడ్ చూసుకునే ఇద్దరి పేర్లు. కప్పు ఏ ఊరికి పోయినా, వచ్చిన పోరగాళ్లందరు తమ కాళ్ల మీదనే ఇంటికి పోవాలె.